పాత కోక్ ఓవెన్ యార్డులో గ్రౌండ్‌వాటర్ మానిటరింగ్ సర్వీస్, ఆరేళ్ళు దగ్గరుండి చూశాక నా రివ్యూ

స్టీల్ ప్లాంట్ పాత కోక్ ఓవెన్ యార్డు కింద నీళ్ళు ఎలా ఉన్నాయో చూడ్డానికి పెట్టుకున్న సర్వీస్ గురించి ఈ రివ్యూ. ఏజెన్సీ పేర్లు రాయట్లేదు, ఎందుకంటే మొదట చేసినవాళ్ళ గురించి, ఇప్పుడు చేస్తున్నవాళ్ళ గురించి కూడా మంచీ చెడూ రెండూ చెప్పాలి. నేను ప్లాంట్‌లో ఎన్విరాన్‌మెంట్ సెక్షన్‌లో పనిచేస్తాను, శాంపిల్స్ తీసే ప్రతి రోజూ, కింద నీళ్ళు చూడ్డానికి వేసిన బోర్ల దగ్గర వాళ్ళతో పాటే ఉంటాను, కాబట్టి ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ముందు సైట్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. స్టీల్ ప్లాంట్ అనగానే అందరూ పొగ గురించి అడుగుతారు, నేల కింద ఏముందని అడిగేవాళ్ళు చాలా తక్కువ. బొగ్గుని గాలి తగలకుండా వేడి చేసి, ఇనుము కరిగించే కొలిమికి వాడే కోక్ చేస్తారు కదా, అప్పుడు తారు, బెంజీన్, నాఫ్తలీన్, ఫినాల్, అమ్మోనియా, సైనైడ్ అన్నీ గ్యాస్‌తో పాటు బయటికొస్తాయి, బై ప్రొడక్ట్ ప్లాంట్ వాటిని పట్టుకుంటుంది, కానీ ఏళ్ళ తరబడి ట్యాంకుల అడుగు నుంచి ఊరింది, పైపు జాయింట్ల దగ్గర చుక్క చుక్కగా కారింది అంతా మట్టిలోకే దిగింది. దానికి తోడు షీట్ల మీద పొలుసు తీయడానికి వాడే పిక్లింగ్ యాసిడ్, స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) గుట్టల కిందనుంచి దిగే సున్నపు నీళ్ళు.

క్లీనప్ వేరే కాంట్రాక్టర్ చేశాడు, బాగానే చేశాడు. తారు ట్యాంకుల చుట్టూ మట్టి తవ్వి తీసేశారు, మిగతా చోట నీళ్ళు దిగకుండా పైన క్యాప్ వేశారు, కింద నీళ్ళని పంపులతో పైకి తోడి ట్రీట్ చేశారు. ఆ పని అందరికీ కనిపిస్తుంది, పొక్లెయిన్లు వస్తాయి, లారీలు వెళ్తాయి, ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత పదేళ్ళో ముప్పై ఏళ్ళో మూడు నెలలకోసారి ఎవరో ఒకరు వచ్చి బోరు మూత తీసి చూడటమనేది ఎవరి కంటికీ ఆనదు, కానీ నా లెక్కలో అసలు సర్వీస్ అదే. కెనడాలో నోవా స్కోషియా సిడ్నీలో టార్ పాండ్స్ అని ఉన్నాయి, అక్కడి స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్ల నుంచి వచ్చిన సుమారు 7 లక్షల టన్నుల బురదని సిమెంట్‌తో కలిపి అక్కడికక్కడే గట్టిపరిచి క్యాప్ వేసి, 2013లో పైన పార్కు తెరిచారు. పిల్లలు ఆడుకుంటున్నారు, చాలా సంతోషం, కానీ సరుకు ఇంకా కిందే ఉంది, అందుకే దాన్ని ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి.

ఇక సర్వీస్ సంగతి.

మొదటి ఏజెన్సీ వాళ్ళు బెయిలర్‌తో తీసేవాళ్ళు. బెయిలర్ అంటే తాడుకి కట్టిన సన్నటి గొట్టం, బోరులోకి వదిలి పైకి లాగడమే. అది తప్పేమీ కాదు, కానీ వీళ్ళు హడావుడిగా గబగబా దించి లాగేవాళ్ళు, అడుగున ఉన్న బురదంతా లేచి నీళ్ళు టీ రంగులో వచ్చేవి, అదే సీసాలో పోసి అందులోనే యాసిడ్ వేసి ల్యాబ్‌కి పంపేవాళ్ళు. మెటల్స్ శాంపిల్‌కి పీహెచ్ 2 కన్నా కిందికి వచ్చేలా నైట్రిక్ యాసిడ్ వేస్తారు, మంచిదే, కానీ నీళ్ళలో బురద ఉంటే ఆ మట్టి రేణువులకి అంటుకున్న లెడ్, క్రోమియం అంతా ఆ యాసిడ్‌లో కరిగిపోతుంది, అప్పుడు రిపోర్టులో వచ్చేది నీళ్ళలో కదిలే మెటల్ కాదు, మట్టిలో ఉన్న మెటల్. ఒక క్వార్టర్‌లో, అంటే ఒక మూడు నెలల రౌండులో, లెడ్ ఎక్కువొచ్చిందని పెద్ద గొడవైంది, మీటింగుల మీద మీటింగులు, మళ్ళీ తవ్వాలా అని చర్చ. బయటి ఊళ్ళోవాళ్ళు తాగే నీళ్ళ గురించి భయపడి మా గేటు దగ్గరికొచ్చారు, వాళ్ళలో ఒక పెద్దాయన "మా పిల్లలు తాగొచ్చా లేదా, ఆ ఒక్క మాట చెప్పు బాబూ" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. నెంబరు ఉంది గానీ నమ్మకం లేదు. ఆ రోజు నాకింకా గుర్తే.

ఇప్పుడున్న రెండో ఏజెన్సీ వచ్చాక, లెడ్ ఎక్కువొచ్చిన ఆ బోరులోనే చిన్న పంపు పెట్టి చాలా నెమ్మదిగా తోడారు, నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య, అంతకన్నా ఎక్కువ కాదు, బోరులో నీటిమట్టం పడిపోకుండా టేపుతో చూస్తూ. పైకొచ్చిన నీళ్ళు ఒక చిన్న పారదర్శకమైన గిన్నెలాంటి దాన్లోంచి పోతాయి, అందులో మీటర్లు ఉంటాయి. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి రీడింగ్ రాస్తారు, పీహెచ్ 0.1 లోపల, కండక్టివిటీ (నీళ్ళలోంచి కరెంటు ఎంత పారుతుందో) 3 శాతం లోపల వరసగా మూడుసార్లు నిలబడాలి, నీళ్ళ మడ్డితనం 10 యూనిట్ల కిందికి దిగాలి, అప్పుడే సీసా ముట్టుకుంటారు. ఒక బోరు దగ్గర దాదాపు రెండు గంటలు పట్టింది, మిట్టమధ్యాహ్నం, నేనే ఆగలేక "ఇంక చాలదా తమ్ముడూ, నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా" అన్నాను. ఆ కుర్రాడు మీటర్ మీంచి కళ్ళు తీయకుండా "ఇంకా దిగుతోంది సార్, ఇంకో రెండు రీడింగులు" అన్నాడు. ఆ రెండు రీడింగుల కోసం నేను ఈ సర్వీస్‌కి ఎన్ని మార్కులైనా వేస్తాను. వీళ్ళు ఇలా తీయడం మొదలుపెట్టిన క్వార్టర్ నుంచి లెడ్ లిమిట్ కన్నా బాగా కిందే వస్తోంది. ఊళ్ళోకి వెళ్ళి ఆ పెద్దాయనకి నేనే చెప్పాను, లాగ్ షీట్ కూడా చూపించాను.

కానీ మంచి వార్తతో పాటు చెడ్డ వార్త కూడా వీళ్ళే తెచ్చారు. మొదటివాళ్ళు ఎప్పుడూ నీటిమట్టం కొలిచి ఊరుకునేవాళ్ళు. వీళ్ళు ఇంటర్‌ఫేస్ ప్రోబ్ అని, నీళ్ళు తగిలితే ఒక శబ్దం, నూనె లాంటిది తగిలితే ఇంకో శబ్దం చేసే టేపు, దాన్ని బోరు అడుగంటా దించారు. తారు నీళ్ళకన్నా బరువు కదా, తేలదు, మునిగి అడుగున కూర్చుంటుంది, పైపైన చూస్తే జన్మలో కనపడదు. అడుగుకి ఒక జానెడు పైన శబ్దం మారింది. టేపు పైకి లాగితే కొసన నల్లగా, తేనెలా సాగుతూ ఒక చుక్క వేలాడుతోంది, కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది, అది నాఫ్తలీన్. ఇన్నేళ్ళూ ఆ బోరు "క్లీన్" అని రిపోర్టులో ఉంది. ఆ చుక్క చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటి, క్లీనప్ కోసం కింద నీళ్ళు తోడే పంపులు ఆపడం గురించి. మొదటి ఏజెన్సీ రిపోర్టుల్లో వరసగా నాలుగు క్వార్టర్లు బెంజీన్ లిమిట్ కింద వచ్చిందని తోడే పంపులు ఆపేశారు. వీళ్ళు వచ్చాక రెండు బోర్లలో బెంజీన్ మళ్ళీ పైకి లేచింది. కారణం వీళ్ళ ఇంజనీరమ్మ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది, తోడుతున్నంతసేపు ఇసక పొరల్లో నీళ్ళు శుభ్రంగా వస్తాయట, కానీ అన్నేళ్ళూ బంకమట్టిలోకి ఇంకిన బెంజీన్ అక్కడే ఉంటుంది, పంపు ఆగాక అది మెల్లమెల్లగా వెనక్కి ఊరుతుంది, అందుకే ఆపిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి చూడాలి అంది. తాగే నీళ్ళలో బెంజీన్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, అంటే ఒక్క గ్రాము చాలు లక్ష లీటర్లని ఆ గీత దాకా తీసుకుపోవడానికి. ఇంత చిన్న లెక్కల దగ్గర "నాలుగుసార్లు బాగుంది కదా" అనే ధీమా పనికిరాదు.

స్లాగ్ యార్డు పక్క కొత్త బోరులో పీహెచ్ 12, అంటే బాగా ఘాటైన క్షారం, వచ్చినప్పుడు కూడా వీళ్ళ పద్ధతి నాకు నచ్చింది. వెంటనే స్లాగ్ మీదికి నెట్టేయలేదు, బోరు కట్టేటప్పుడు పోసిన సిమెంట్ గ్రౌట్ లోపలికి కారినా అలాగే చూపిస్తుందని చెప్పి, బోరు బాగా తోడి కడిగి మళ్ళీ చూశారు, పక్క కాలువ కూడా చూశారు. కాలువలో రాళ్ళ మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది, సున్నపు నీళ్ళకి గాలి తగిలితే అలా కడుతుంది. అప్పుడు రాశారు స్లాగ్ వల్లే అని.

ఇక నచ్చనివి. రిపోర్టులు ఆలస్యం, ఒకటైతే తర్వాతి శాంపిలింగ్ మొదలయ్యాక వచ్చింది, అప్పటికి దాంతో ఏం చేస్తాం. డేటా పీడీఎఫ్‌లోనే ఇస్తారు, ఎక్సెల్ అడిగి అడిగి తెచ్చుకోవాలి, ట్రెండ్ మేమే వేసుకుని చూడాలంటే నెంబర్లన్నీ చేత్తో ఎక్కించుకోవాలి. సైనైడ్ రిపోర్టులో మొత్తం సైనైడ్ ఒక్కటే ఇచ్చేవాళ్ళు, కోక్ ఓవెన్ సైట్లో చాలా భాగం ఇనుముతో ముడిపడి ఉంటుంది, అలా ముడిపడినది విడి సైనైడంత ప్రమాదకరం కాదు, కానీ ఆ ముడి ఎండకి విడిపోతుంది కూడా, కాబట్టి రెండూ వేరువేరుగా కావాలి, ముదురు రంగు సీసాలో తీసుకెళ్ళాలి. గట్టిగా అడిగాక ఇస్తున్నారు.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు, మధ్యలో మాకు చెప్పకుండా ల్యాబ్ మార్చారు. కొత్త ల్యాబ్‌లో బెంజోపైరీన్ (తారులో ఉండే, క్యాన్సర్ తెచ్చే పదార్థం) అన్ని బోర్లలోనూ "కనపడలేదు" అని వచ్చింది, మా మేనేజర్ గారు చాలా సంతోషించారు. కింద చిన్న అక్షరాల్లో చూస్తే వాళ్ళ మెషిన్ కనిపెట్టగలిగేది లీటరుకి 1 మైక్రోగ్రామ్ పైన ఉంటేనే, డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్ ఏమో 0.7. గీత కన్నా పైన ఉన్నది మాత్రమే చూడగలిగే ల్యాబ్ "లేదు" అంటే ఆ మాటకి విలువేంటి? నేను ఒప్పుకోలేదు, మళ్ళీ తీయించాను, వాళ్ళ ఖర్చుతోనే తీశారు, ఆ ఒక్కటి మెచ్చుకోవాలి, వాదించలేదు.

మార్కులు అడిగితే ఫీల్డ్ పనికి 5కి 5, రిపోర్టులకి 5కి 2. మీ సైట్‌కి ఎవరినైనా పెట్టుకోబోతుంటే పాత రిపోర్టుల బైండింగు చూడకండి, ఒక బోరు ఫీల్డ్ లాగ్ షీట్ అడగండి, పెన్నుతో రాసింది, నిమిషాలు వేసి వరసగా రీడింగులున్నది. శాంపిల్స్ చేతులు మారిన కాగితం అడగండి, దారిలో మలినం కలిసిందేమో తెలియడానికి శుభ్రమైన నీళ్ళు పోసిన బ్లాంక్ సీసాలు పంపుతున్నారా, పది శాంపిల్స్‌కి ఒక డూప్లికేట్ (అదే బోరు నుంచి ఇంకో శాంపిల్) తీస్తున్నారా అడగండి, ల్యాబ్ ఎంత తక్కువ దాకా చూడగలదో కాంట్రాక్టులోనే రాయించుకోండి. మేం ఈసారి రెన్యువల్‌లో ల్యాబ్ మారిస్తే ముందు చెప్పాలని, తారు దొరికిన బోరుని ప్రతి నెలా ప్రోబ్‌తో అడుగంటా చూడాలని రాయించాం. పోయిన నెల ఆ జానెడు కాస్తా నాలుగు వేళ్ళకి తగ్గింది, తోడి తీస్తున్నారు, వచ్చే నెల మళ్ళీ దించుతారు, నేనూ అక్కడే ఉంటాను.