షెల్టర్‌కీ డీ-అడిక్షన్ వార్డుకీ మధ్య తెగిపోతున్న దారి: సేవల సమీక్ష

తెలుగు నగరాల్లో రోడ్డు మీద బతుకుతూ మందుకో, కల్తీ కల్లుకో, మాత్రలకో అలవాటు పడిన మనిషికి ప్రభుత్వం వైపు నుంచి రెండు సేవలున్నాయి. ఒకటి మున్సిపాలిటీ కింద స్వచ్ఛంద సంస్థలు నడిపే పట్టణ నిరాశ్రయుల వసతి గృహం. జనం నోట్లో అది నైట్ షెల్టర్. రెండోది డీ-అడిక్షన్ చికిత్స. ఇది పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలల్లోనూ, కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిచే పునరావాస కేంద్రాల్లోనూ దొరుకుతుంది. విడివిడిగా చూస్తే రెండూ పనికొచ్చే సేవలే. ఒకే మనిషి ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లి, మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చినప్పుడే దారి తెగుతుంది. ఆ తెగేచోట నిలబడాల్సిన బృందానికి ఏ పద్దు కిందా జీతం లేదు. మా ప్రధాన అభ్యంతరం అదే.

ముందు షెల్టర్ సంగతి. 2010లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద దీనికి ఒక రూపం వచ్చింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలి. అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్లు, వంటకు వీలు, ప్రథమ చికిత్స పెట్టె కావాలి. కాగితం మీద ఇది మంచి పథకం. బస్టాండు, రైల్వే స్టేషన్, మార్కెట్, పెద్దాసుపత్రి దగ్గర్లో పెట్టిన షెల్టర్లు నిజంగా నిండుతాయి. ఊరవతల ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలుకు బోర్డు కట్టి షెల్టర్ అంటే ఎవరూ వెళ్లరు. పొద్దున్నే కూలీల అడ్డాకు చేరాల్సిన మనిషి, ఆటోకి నలభై రూపాయలు పెట్టుకోవడం కంటే ఫ్లైఓవర్ కింద పడుకోవడానికే మొగ్గుతాడు. చోటు విషయంలో ఈ సేవకు మేమిచ్చే మార్కులు ఏ ఊళ్లో ఎక్కడ కట్టారన్నదాన్ని బట్టి మారతాయి.

సిబ్బంది విషయంలో మాత్రం ఎక్కడైనా తక్కువే. మార్గదర్శకాల్లో ఉన్నది ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు. లెక్క వేసి చూడండి. వారానికి 21 షిఫ్టులు. ముగ్గురూ తలా ఒక వారపు సెలవు తీసుకుంటే నిండేవి 18. మిగిలిన మూడు షిఫ్టులు ఎవరో ఒకరు వరసగా పదహారు గంటలు చేస్తేనే గడుస్తాయి, లేదా తలుపు తాళం పడుతుంది. 50 మంది షెల్టర్‌కు నిర్వహణ కింద లెక్కగట్టింది ఏడాదికి 6 లక్షలు. నెలకు 50 వేలు. కరెంటు, ఫినాయిలు, దుప్పట్లు ఉతకడం అన్నీ పక్కన పెట్టి మొత్తం జీతాలకే ఇచ్చినా నలుగురికి తలా 12,500 దాటదు. ఆ డబ్బుకు దొరికేది కాపలాదారే. రాత్రి రెండింటికి ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టగలిగినవాడు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

50 మంది ఉన్నచోట, అందులో సగం మంది తాగేవాళ్లయితే, అవసరమైన బృందం ఇలా ఉండాలి. కేర్‌టేకర్లు ఐదుగురు, రాత్రి షిఫ్టులో ఎప్పుడూ ఇద్దరు. ఒక్కో మనిషి బాగోగులు వెంట ఉండి చూసే కేస్‌వర్కర్లు ఇద్దరు, ఒక్కొక్కరి చేతిలో 15 నుంచి 20 మందికి మించకుండా. వారానికి రెండుసార్లు వచ్చే నర్సు. తాగుడు మాని నిలబడ్డ మనిషి ఒకరు, పూర్తి జీతంతో. ఈ చివరి ఉద్యోగాన్ని చాలా సంస్థలు గౌరవ వేతనం పేరుతో మూడు నాలుగు వేలకు కానిచ్చేస్తాయి. అది అన్యాయం, పైగా ప్రమాదం. మానేసి కనీసం ఏడాది దాటినవాళ్లనే తీసుకోవాలి. మొదటి ఆరు నెలలు ఒంటరిగా రాత్రి డ్యూటీ వేయకూడదు, కల్లు కాంపౌండ్ దగ్గరికో వైన్ షాపు వెనక్కో ఒక్కణ్నే మనుషుల్ని వెతకడానికి పంపకూడదు. మళ్లీ తాగితే ఏం చేస్తామో ఉద్యోగంలో చేరిన రోజే మాట్లాడుకోవాలి. వెంటనే పనిలోంచి తీసేస్తారని తెలిస్తే దాచిపెడతాడు. సెలవూ చికిత్సా ఇచ్చి మళ్లీ తీసుకుంటారని తెలిస్తే మొదటి రోజే చెప్తాడు.

చాలా షెల్టర్ల గోడ మీద కనిపించే మాట: తాగినవారికి ప్రవేశం లేదు. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న షెల్టర్‌లో ఈ నియమం వెనక భయం అర్థమవుతుంది, అక్కడ వేరే ఏర్పాటే కావాలి. మగవాళ్ల షెల్టర్‌లో మాత్రం ఈ నియమం, ఎవరికోసం షెల్టర్ పెట్టారో వాళ్లనే బయట పెడుతుంది. పనిచేసే నియమం వేరు. తాగి రావచ్చు. సీసా లోపలికి రాకూడదు, లోపల తాగకూడదు, చెయ్యెత్తకూడదు. బాగా తాగి వచ్చినవాళ్లకు కేర్‌టేకర్ కుర్చీకి ఎదురుగా నేల మీదే పరుపు వేయాలి. మంచం మీద వేస్తే పడిపోయి తల పగులుతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి అరగంటకోసారి చూడాలి. గిల్లినా లేవకపోయినా, నిమిషానికి ఊపిరి ఎనిమిది కంటే తగ్గినా, ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ కనిపించినా 108. పొద్దున చూద్దాంలే అనుకున్నచోటే ప్రాణాలు పోతాయి.

దీనికి ఉల్టా ఉండే ప్రమాదం ఇంకా ఎక్కువమందికి తెలియదు. రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేసినా చావొచ్చు. చివరి గ్లాసు తర్వాత ఆరు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోపు వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: లేని పురుగులు కనిపిస్తాయి, ఎక్కడున్నాడో తెలియదు, జ్వరం, గుండె దడ. దెయ్యం పట్టిందని దర్గాకో గుడికో తీసుకెళ్లే లోపు చనిపోయేవాళ్లున్నారు. అందుకే రిజిస్టర్‌లో పేరు, ఊరు కంటే ముందు రాయాల్సిన గడి ఒకటుంది: చివరిసారి తాగింది ఎన్ని గంటలకు? దాని పక్కన రెండో గడి: ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? వచ్చాయంటే షెల్టర్‌లో మాన్పించే ప్రయత్నమే వద్దు, నేరుగా ఆసుపత్రికి. మేం చూసిన రిజిస్టర్లలో దాదాపు దేనిలోనూ ఈ రెండు గడులు లేవు. గీయడానికి ఒక స్కేలు చాలు.

కల్తీ కల్లు తాగేవాళ్ల లెక్క వేరు. ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటు పడిన ఒంటికి అది అందకపోతే మత్తుమాత్రలు ఆపేసినట్టే అవుతుంది. నిద్ర ఉండదు, పొంతన లేని ప్రవర్తన, భ్రమలు, ఫిట్స్. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగాక ఆసుపత్రులకు ఇలాంటి కేసులే వరసకట్టాయి. ఎక్సైజ్ దాడి వార్త పేపర్లో చూసిన రోజే ఆ చుట్టుపక్కల షెల్టర్ బృందం సిద్ధమవ్వాలి. ‘కల్లే కదా, కొంచెంలే’ అన్న మాట నమ్మి తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో రెండు అలవాట్ల మీద గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉన్న తాగుబోతుకు వీధి చివర ఆర్ఎంపీ చేత గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం మొదటిది. తిండి లేక థయామిన్ (బి1 విటమిన్) అడుగంటిన ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ పోతే వెర్నికీ అనే మెదడు జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. థయామిన్ ముందు లేదా దాంతోపాటు, గ్లూకోజ్ ఆ తర్వాత. రెండోది తెలియకుండా అన్నంలో కలిపే ‘మందు మాన్పించే’ మాత్ర. తాగితే ఒంటికి పడకుండా చేసే ఆ మాత్ర పేరు డైసల్ఫిరాం. అది మంచి మందే, కానీ మనిషికి తెలిసి, డాక్టరు లివర్ పరీక్షలు చూసి, చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు ఆగి ఇవ్వాల్సింది. తెలియకుండా పెడితే ఒక క్వార్టర్‌తోనే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం పోదు. షెల్టర్ బృందంలో ఎవరైనా ఈ పని చేస్తే అది ఉద్యోగం పోయే తప్పుగా ఉండాలి.

ఇక వార్డు. చికిత్స నాణ్యత మీద మాకు పెద్ద ఫిర్యాదు లేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో మాన్పించే వైద్యం తెలిసిన చేతుల్లోనే జరుగుతుంది, ఖర్చు లేదు. చిక్కల్లా అడ్మిషన్ బల్ల దగ్గర అడిగే ఒక్క ప్రశ్నతో: ‘అటెండెంట్ ఎవరు?’ రోడ్డు మీది మనిషికి అటెండెంట్ ఎక్కణ్నుంచి వస్తాడు? ఇక్కడ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం బృందానికి అండ. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు దాని పరిధిలోకి వస్తాయి. 86వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లు తమంతట తామే చేరవచ్చు, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిలబడే మనిషి) అక్కర్లేదు. మనిషి సొంతంగా నిర్ణయించుకునే స్థితిలో లేకపోతే, ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధిని తాత్కాలికంగా నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టుకునే వీలు 14వ సెక్షన్‌లో ఉంది. సంస్థ రిజిస్ట్రేషన్ కాపీ, లెటర్‌హెడ్ మీద ఉత్తరం, గుర్తింపు కార్డు ఉన్న కేస్‌వర్కర్‌ను పంపితే ఎక్కువసార్లు పని జరుగుతుంది. ఫోన్లో బతిమాలితే జరగదు. పొద్దున ఓపీ టైముకే వెళ్లాలి. మధ్యాహ్నం రెండింటికి అంబులెన్స్‌లో దింపేసి వచ్చే బృందం, సాయంత్రానికి ఆ మనిషిని మళ్లీ గేటు బయట చూస్తుంది.

వార్డు నుంచి బయటికి వచ్చే రోజే అసలు పరీక్ష. డిశ్చార్జి ఎప్పుడో షెల్టర్‌కు తెలియదు, షెల్టర్‌లో మంచం ఉందో లేదో వార్డుకు తెలియదు. చేతిలో పది రోజుల మాత్రలు, జేబులో ఏమీ లేదు, ఎదురుగా పాత స్నేహితులు. వార్డు సోషల్ వర్కర్‌కు ప్రతి సోమవారం ఒక ఫోన్ చేసి ఆ వారం ఎవరెవరు బయటికొస్తున్నారో కనుక్కుంటే సగం సమస్య తీరుతుంది. మంచం ముందే ఆపి ఉంచాలి. ఆసుపత్రి గేటు దగ్గరికి మనిషి వెళ్లి తీసుకురావాలి. మాత్రలు బృందం దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వాలి. లేకపోతే అమ్మేస్తారు, లేదా ఒకేసారి మింగేస్తారు. మాత్ర ముందు తిండి ఉండాలి. అన్న క్యాంటీన్, హైదరాబాద్‌లో ఐదు రూపాయల క్యాంటీన్ దీనికి బాగా అక్కరకొస్తాయి. మొదటి రెండు వారాలు రోజూ ఒకసారి కూర్చుని మాట్లాడాలి, పది నిమిషాలైనా సరే. పనికి తొందరపెట్టవద్దు. కూలి డబ్బులు చేతికొచ్చే శనివారం సాయంత్రమే ఎక్కువమంది జారిపోతారు, కాబట్టి ఆ సాయంత్రం అడ్డా దగ్గర బృందం మనిషి ఉండాలి, ఆఫీసులో కాదు.

కాగితాల పని గురించి క్లుప్తంగా. చిరునామా లేనివాళ్లకు ఆధార్ నమోదుకు, గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి నిర్ణీత ఫారం మీద ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది. దానికి మూడు నెలల గడువుంటుంది, కాబట్టి వేలిముద్రలు పడక తిరిగొచ్చినవాళ్లను వాయిదా వేయకుండా మళ్లీ తీసుకెళ్లాలి. ఇటుకలు, సిమెంటు మోసిన వేళ్లకు గీతలు చెరిగిపోతాయి, కంటి స్కాన్ అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష వెంటనే చేయించాలి. టీబీ మందులు, డైసల్ఫిరాం, పాడైన లివర్ కలిస్తే ఏమవుతుందో డాక్టరుకు ముందే గుర్తుచేయాల్సింది బృందమే, ఎందుకంటే ఇద్దరు డాక్టర్ల చీటీలు పక్కపక్కన చూసేది వాళ్లొక్కరే.

ఆడవాళ్లకు ఈ దారి మొత్తం ఇంకా ఇరుకు. ఆడవాళ్ల షెల్టర్లు తక్కువ, వాళ్లను చేర్చుకునే డీ-అడిక్షన్ పడకలు మరీ తక్కువ, పిల్లలతో సహా చేర్చుకునేవి వెతికినా దొరకవు. ఈ ఒక్క విషయంలో సేవ లేదనే చెప్పాలి.

ప్రభుత్వ పడక దొరక్క ప్రైవేటు కేంద్రానికి పంపాల్సి వస్తే, డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ పత్రం గోడ మీద ఉందా? రాత్రి నర్సు ఉంటుందా, లేక తాళం వేసుకుని వెళ్లిపోతారా? లోపలున్న మనిషి ఫోన్లో మాట్లాడవచ్చా? తనంతట తాను చేరినవాడు వెళ్తానంటే వెళ్లనిస్తారా? చట్టం ప్రకారం వైద్యులు పరీక్ష కోసం ఆపగలిగేది 24 గంటలే. గొలుసుతో కట్టేయడం ఏ పరిస్థితిలోనూ చెల్లదు. ఇంటి నుంచి బలవంతంగా ఎత్తుకెళ్లి చేర్చుకుంటామని వ్యాను పంపే కేంద్రాలకు ఎవరినీ అప్పగించకండి. దగ్గర్లో గ్రాంటు కేంద్రం ఎక్కడుందో చెప్పడానికి 14446, మనసు కుదరక సలహా కావాలంటే టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. ఈ రెండు నంబర్లూ 108 పక్కనే షెల్టర్ తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి, రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త కేర్‌టేకర్‌కు వెతుక్కోకుండా కనిపించేలా.