నది నీళ్లు చూసే కిట్: మీటరు దండగ, సీసాలు పండగ

రాయగడలో మా బజారు షాపులవాళ్లం ఐదుగురం తలా ఎనిమిది వందలు వేసుకుని ఈ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. నెలకు రెండు ఆదివారాలు నాగావళి నీళ్లు పరీక్షించి, ఆ అంకెలు టిఫిన్ హోటల్ ముందు బోర్డు మీద రాయాలని ప్లాను. ఎవరూ అడగలేదు, మాకు మేమే పెట్టుకున్న పని. ఇక్కడ మేం వదిలిందే తోటపల్లి దాటి తమ ఊరికి వస్తోందని శ్రీకాకుళంలో ఉండే మా బావమరిది ప్రతి పండక్కీ దెప్పుతుంటాడు, అదీ ఒక కారణం.

ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా. పెట్టె మీద పెద్ద బొమ్మ వేసింది టీడీఎస్ పెన్నుకి, అసలు దండగ అదే. మొదటి రోజు ఏట్లో ముంచితే 110 చూపించింది. తాగే నీళ్లకే 500 దాకా ఫరవాలేదు కదా, హోటల్ మావయ్య "ఇంకేటి బాబూ, ఇది మినరల్ వాటరే" అని అందరికీ టీలు పోయించేశాడు. అవే నీళ్లు పోసి పెట్టిన హెచ్‌టూఎస్ సీసా (నీళ్లలో మలం క్రిములుంటే నల్లబడేది) మర్నాటికి మసిబొగ్గులా నల్లబడింది. టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగిన ఉప్పుల్నే లెక్కేస్తుంది, మలం కలిసిందో లేదో దానికేం తెలుసు!

నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ మీటరు మంచిదే గానీ గాజు బుడగ ఎండితే పనికిరాదు. మేం తెలీక డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టాం, అంకెలు ఒకచోట నిలవడం మానేశాయి. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో పెట్టాలట. పుస్తకంలో ఆ ముక్క లేదు, కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే గానీ చెప్పలేదు. పుస్తకం కూడా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది, మా మెడికల్ షాపు గుంటడు చదివి చెబితే మాకు అర్థమైంది.

డబ్బులు గిట్టింది నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పరీక్ష దగ్గర. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి రెండు మందుల చుక్కలు వేస్తే గోధుమరంగు తెట్టు కడుతుంది, తెల్లగానే ఉండిపోతే ఆక్సిజన్ లేనట్టే. తర్వాత యాసిడ్ వేస్తే టీ డికాషన్ రంగు తేలుతుంది, దానికి స్టార్చ్ కలిపితే నీలం, ఆ నీలం పోయేదాకా ఇంకో మందు చుక్కలు వేస్తూ లెక్కపెట్టాలి. జాగ్రత్త, అది సల్ఫ్యూరిక్ యాసిడ్, నా లుంగీకి బెజ్జం పడింది. గ్లవ్స్ ఒకే జత ఇచ్చారు, అదీ పిల్లల సైజు.

మే నెలలో ఊరికి ఎగువన లీటరుకు 7 మిల్లీగ్రాములు వచ్చింది. 30 డిగ్రీల వేడిలో నీళ్లు పట్టుకోగలిగేదే ఏడున్నర కాబట్టి అది భేషు. మా బజారు కాలువ కలిసే చోట 4. స్నానానికి కాలుష్య బోర్డు కనీసం 5 ఉండాలంటుంది. అందరం ముందు ఎగువ ఫ్యాక్టరీలనే తిట్టుకున్నాం, కానీ తగ్గింది కాలువ దగ్గర కదా, అందులో మావయ్య హోటల్ ఎంగిలి, నా షామియానా షాపు గుండిగలు తోమిన జిడ్డు నీళ్లూ ఉన్నాయి. మెతుకులు, నూనె కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేస్తాయి. ఆ ఆదివారం బోర్డు మీద అంకె రాయడానికి మావయ్యకు చెయ్యి రాలేదు, నేనే రాశాను. ఇప్పుడు ఇద్దరం తూము దగ్గర జాలీ పెట్టించాం, దాన్ని రోజూ కడగడం మాత్రం పెద్ద రోత.

ఫ్యాక్టరీ మీద కేసు వేద్దామని కొంటుంటే మాత్రం వద్దు, సీసం, పాదరసం లాంటివి ఇందులో తేలవు, దానికి ల్యాబే. 5కి మూడున్నర స్టార్లు. కొంటే స్టార్చ్ సీసా ఫ్రిజ్‌లో పెట్టండి, మాది వేసవిలో బూజు పట్టిపోయింది.