ఆక్టేవియా వీఆర్‌ఎస్‌కి ఏ ఆయిల్: 91,000 కిలోమీటర్ల తర్వాత నా అనుభవం

స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230ని 2017 చివర్లో కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 230 పీఎస్ పవరు, 350 ఎన్ఎమ్ టార్కు, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఇప్పుడు 91,000 కి.మీ. దాటింది. ఇన్నేళ్లలో ఈ ఇంజిన్‌లో నాలుగు రకాల ఆయిల్ పోసి చూశాను. ఒకదాన్ని మధ్యలోనే తీయించేశాను. రెండుసార్లు ల్యాబుకి పంపి పరీక్ష చేయించాను. హైదరాబాద్‌లో ఉంటూ నెలకోసారి విజయవాడ వెళ్లొచ్చే నాకు కుదిరింది 5డబ్ల్యూ-40. అదీ వీడబ్ల్యూ 502 00 (స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ పెట్టిన ఆయిల్ ప్రమాణం) అప్రూవల్ ఉన్నది, 7,500 కి.మీ.కి ఒకసారి మారుస్తూ. ఇక్కడికి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మొదటి రెండు సర్వీసుల్లో కంపెనీ షెడ్డులో పోసింది 5డబ్ల్యూ-30. బిల్లులో "ఇంజిన్ ఆయిల్" అని మాత్రమే ఉండేది, గ్రేడ్ ఏమిటో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. బండి బాగానే నడిచింది. 15,000 కి.మీ.లో సుమారు లీటరుంపావు పై నుంచి పోసుకున్నాను. ఇలాంటి టర్బో ఇంజిన్‌కి అది భయపడాల్సిన లెక్క కాదు. కానీ మే నెలలో నందిగామ దాటాక, బయట 44 డిగ్రీల ఎండలో, డిస్‌ప్లేలో ఆయిల్ టెంపరేచర్ 108 చూపించినప్పుడు మొదటిసారి టెన్షన్ పడ్డాను. ఇంటికొచ్చి నాకు తెలిసిన ఒక మెకానిక్‌ని అడిగాను. "సార్, అది నీళ్లలాగ ఉంటది. మన ఎండలకి చిక్కటి ఆయిలే పోయాలి, అప్పుడే ఇంజిన్‌కి బలం" అన్నాడు. అదే వారం ఒక స్నేహితుడు 10డబ్ల్యూ-60 సలహా ఇచ్చాడు. "బీఎండబ్ల్యూ ఎం3లో పోసేదే అది, నీ బండికి ఇంకేం కావాలి" అన్నాడు. పోయించాను.

ఆ 2,400 కి.మీ. నాకు బాగా గుర్తున్నాయి. పొద్దున స్టార్ట్ చేస్తే పై నుంచి వచ్చే టిక్‌టిక్ చప్పుడు ముందుకంటే ఎక్కువసేపు ఉండేది. మొదటి పావుగంట బండి బరువు మోస్తున్నట్టు కదిలేది. సిటీలో పదిన్నర వచ్చే మైలేజ్ తొమ్మిదిన్నరకి పడిపోయింది. నేను ఊహించనిది ఇంకొకటి ఉంది. చిక్కటి ఆయిల్ పోస్తే వేడి తగ్గుతుందనుకున్నాను, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అదే స్పీడులో టెంపరేచర్ నాలుగైదు డిగ్రీలు పెరిగింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ముదురు పాకాన్ని గరిటెతో తిప్పడానికి ఎంత బలం కావాలో, చిక్కటి ఆయిల్‌ని పంపు, బేరింగులు తిప్పడానికీ అంతే. ఆ బలమంతా వేడిగా మారుతుంది.

ఎం3 మాట అబద్ధం కాదు. 2000ల నాటి ఈ46 ఎం3లో 8,000 ఆర్‌పీఎం దాకా లాగే టర్బో లేని ఇంజిన్ ఉండేది, దానికి బీఎండబ్ల్యూ వాళ్లే 10డబ్ల్యూ-60 చెప్పారు. ఆ ఇంజిన్ సందులు, పంపు అన్నీ ఆ ఆయిల్‌తో లెక్కేసి కట్టినవి. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 అంతకంటే ఎంతో పవరున్న బండి, దానికి కంపెనీ చెప్పింది 0డబ్ల్యూ-40. తొలి ఏళ్ల సీ7 (ఏడో తరం) కార్వెట్‌లో అయితే ఇంకా స్పష్టం. అదే ఇంజిన్‌కి రోడ్డు మీద 5డబ్ల్యూ-30, ట్రాక్ మీదికి తీసుకెళితే 15డబ్ల్యూ-50 అని మాన్యువల్‌లోనే రాశారు. బండి ఎంత ఫాస్ట్ అన్నదాన్ని బట్టి గ్రేడ్ రాదు. ఆ ఇంజిన్ ఎలా కట్టారు, మనం వాడేటప్పుడు ఆయిల్ నిజంగా ఎంత వేడెక్కుతుంది, ఈ రెండే చూడాలి.

చిక్కదనం గురించి మన దగ్గర పాతుకుపోయిన అపోహ ఆ మెకానిక్ మాటలోనే ఉంది. డబ్బా మీద డబ్ల్యూ అంటే వింటర్. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజిన్ తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో పరీక్షించి ఇచ్చిన గ్రేడ్. 0డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 35 దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర. హైదరాబాద్ డిసెంబరు తెల్లవారుజామున కూడా ఆ చలి దరిదాపులకి పోము. కాబట్టి మనకి 0డబ్ల్యూ, 5డబ్ల్యూ తేడా చాలా చిన్నది. అలాగని ముందున్న అంకె చిన్నదైతే ఆయిల్ పల్చనైపోదు. నా 5డబ్ల్యూ-40 పొద్దున 30 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం, 100 డిగ్రీల దగ్గర ఉండేదానికి దాదాపు పది రెట్లు. చల్లటి ఇంజిన్‌లో "నీళ్లలాంటి ఆయిల్" అనేదే ఉండదు. అక్కడ సమస్య ఎప్పుడూ అతి చిక్కదనమే.

రెండో అంకె మనకి ముఖ్యం. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్‌ఏఈ జె300 లెక్క ప్రకారం 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 40 గ్రేడ్ అంటే 12.5 నుంచి 16.3 లోపు. 60 గ్రేడ్ 21.9 దగ్గర మొదలవుతుంది. నేను ఏం చేశానో అప్పుడు తెలిసింది.

అయితే ఈ అంకెతోనే ఆగిపోతే మోసపోతాం. ఒకసారి రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని వెనక చిన్న అక్షరాలు చదివాను. రెండింటి మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంది. ఒకటి వీడబ్ల్యూ 504 00 అప్రూవల్ ఉన్నది. రెండోది మైలేజ్ కోసం చేసిన మామూలు 5డబ్ల్యూ-30. తేడా హెచ్‌టీహెచ్‌ఎస్ అనే కొలతలో ఉంటుంది. క్రాంక్ బేరింగులో ఆయిల్ పొర వెంట్రుక కంటే సన్నగా, విపరీతమైన వేగంతో నలుగుతుంటుంది కదా, ఆ పరిస్థితిని 150 డిగ్రీల దగ్గర పరీక్షించి చెప్పే చిక్కదనం ఇది. 30 గ్రేడ్ అనిపించుకోవడానికి 2.9 ఉంటే చాలు. 504 00 రావాలంటే కనీసం 3.5 ఉండాలి. నా 502 00 ఆయిల్‌కీ అంతే. అంటే 504 00 ఉన్న 5డబ్ల్యూ-30, బేరింగు దగ్గర 5డబ్ల్యూ-40తో సమానంగా నిలబడగలదు. మామూలు 5డబ్ల్యూ-30 నిలబడకపోవచ్చు. గట్టిగా తొక్కే టర్బో కారు ఉన్నవాళ్లు దయచేసి డబ్బా ముందు కంటే వెనక ఎక్కువసేపు చూడండి.

మరి 504 00 ఉన్న 5డబ్ల్యూ-30కే ఎందుకు ఉండిపోలేదు? నా కారణం పెట్రోలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పెట్రోలు రాకముందు మన బంకుల్లో బీఎస్4 కింద సల్ఫర్ 50 పీపీఎం దాకా ఉండొచ్చు, ఇప్పుడది 10 పీపీఎం. సల్ఫర్ వల్ల పుట్టే ఆమ్లాన్ని చంపడానికి ఆయిల్‌లో క్షారం నిల్వ ఉండాలి. 504 00 ఆయిల్ పొగగొట్టంలో మసిని పట్టే పార్టికులేట్ ఫిల్టర్ పూడిపోకుండా బూడిద తగ్గించి చేసింది, అందువల్ల ఆ నిల్వ సాధారణంగా కాస్త తక్కువ. నా 2017 బండికి ఆ ఫిల్టరే లేదు. లేని ఫిల్టర్ కోసం రాజీ ఎందుకనిపించి 502 00కి మారాను. మీ బండికి ఆ ఫిల్టర్ ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది, 502 00 పోయకండి.

అప్పట్నుంచి ఎక్కువగా మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40, రెండుసార్లు మొబిల్ 1 0డబ్ల్యూ-40 పోశాను. రెండింటి మధ్య నా చెవికి, చేతికి తేడా తెలియలేదు. మైలేజ్ మళ్లీ పదిన్నరకి వచ్చింది. 7,500 కి.మీ.లో 350 మి.లీ. దాకా పోస్తున్నాను. ఓఆర్‌ఆర్ మీద వందలో వెళుతుంటే ఆయిల్ 96 నుంచి 100 మధ్య ఉంటుంది, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు 114 దాకా వెళ్లి దిగేటప్పుడు తగ్గిపోతుంది. ఇప్పుడు ఆ అంకెలు చూసి కంగారు పడను. మంచి సింథటిక్ ఆయిల్‌కి 110 డిగ్రీలు కష్టం కాదు. నిజానికి ఎప్పుడూ 80 దాటని ఆయిలే నాకు బెంగ.

ఆ బెంగ ఎందుకో 2020లో తెలిసింది. లాక్‌డౌన్ నెలల్లో బండి కూరగాయలకి, మందులకి రెండు మూడు కి.మీ. తిరగడమే. నీళ్ల టెంపరేచర్ ఐదు నిమిషాల్లో 90కి వచ్చేస్తుంది, ఆయిల్ అక్కడికి రావడానికి పావుగంట పడుతుంది. నేను ఆలోపే ఇంజిన్ ఆపేసేవాణ్ని. ఒకరోజు ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, డిప్‌స్టిక్ తీస్తే లెవెల్ తగ్గలేదు, పెరిగింది. వాసన చూస్తే పెట్రోలు. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు కొంత పెట్రోలు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, వేడెక్కితేనే ఆవిరైపోతుంది. శాంపిల్ ల్యాబుకి పంపితే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 11.7 వచ్చింది. 40 గ్రేడ్ అని పోసింది 30 గ్రేడ్ అయి కూర్చుంది. నడిచింది నాలుగు వేల కి.మీ. కూడా కాదు. వెంటనే మార్పించాను. తర్వాతి ఏడాది హైవే మీద తిరిగాక పంపిన శాంపిల్ 7,000 కి.మీ. దగ్గర కూడా 13.1 చూపించింది. సిటీలోనే చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లు గ్రేడ్ పెంచేకంటే త్వరగా మార్చుకోవడం మేలని నేను గట్టిగా అనేది ఈ రెండు రిపోర్టులు పక్కన పెట్టుకునే. 15,000 అనే కంపెనీ గడువు నా వాడకానికి చాలా ఎక్కువ.

ట్రాక్ మీదికి ఒక్కసారే వెళ్లాను, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై. ఆయిల్ టెంపరేచర్ మూడో ల్యాపులో 126, ఐదో ల్యాపుకి 134. అక్కడితో ఆపి, ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పి చల్లారనిచ్చాను. ఇంటికి రాగానే ఆయిల్ మార్చాను. నెలకోసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లయితే 5డబ్ల్యూ-50 గురించి, అంతకంటే ముందు ఆయిల్ కూలర్ గురించి ఆలోచించాలి. ఏడాదికి ఒకరోజు కోసం మిగతా రోజులన్నీ చిక్కటి ఆయిల్ మోయించడం నాకు నచ్చదు.

మా తాత బండి ఇరుసుకి ఆముదంతో కందెన వేసేవాడు. క్యాస్ట్రాల్ పేరు కూడా క్యాస్టర్, అంటే ఆముదం నుంచే వచ్చిందని తెలిసిన రోజు ఆయన గుర్తొచ్చాడు. ఏ బండికి ఎంత కందెనో ఆయనకి చేతిలో తెలిసేది.

కొత్త స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండి కొన్నవాళ్లలో కొందరికి మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20, 508 00 అని ఉంటుంది. అలాంటి ఇంజిన్ పంపు, బేరింగులు ఆ పల్చదనానికే తగ్గట్టు ఉంటాయి. నా 5డబ్ల్యూ-40 కథ చదివి దాంట్లో ఇది పోయకండి. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో మీ ఎండకి, మీ రోడ్డుకి తగ్గది ఎంచుకోండి.

వచ్చే నెలలో మళ్లీ మార్చాలి. నా ఇంజిన్‌కి 5.7 లీటర్లు పడుతుంది. సీలు చూసి, బిల్లు తీసుకుని కొన్న ఆరు లీటర్లు, ఫిల్టర్ బీరువాలో ఉన్నాయి. షెడ్డులో డబ్బా నా కళ్లముందే తెరవమంటాను, మిగిలిన 300 మి.లీ. ఇంటికి తెచ్చుకుంటాను.