మెలనూరస్ రాస్: ఆడదాన్నే కొనండి

నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకులోకి ఒక్కటంటే ఒక్క రాస్ (ఇది ఒక సముద్రపు చేపల కుటుంబం) తేవాలనుకుంటే అందులో మెలనూరస్ రకాన్నే తెచ్చుకోండి. రేటింగ్ 5కి 4. తగ్గిన ఆ ఒక్క మార్కు చేపది కాదు. దానికి కావాల్సిన ఇసుక, జాలి మూత, చల్లటి నీళ్లు హైదరాబాద్‌లో అమర్చుకోవడానికి బాగానే ఖర్చవుతుంది. షాపులో చాలామంది చెయ్యి మాత్రం ఆకుపచ్చగా మెరిసే పెద్ద మగదాని వైపే వెళ్తుంది. అక్కడే ఆగాలి.

రాస్‌లు ఆడవిగా మొదలై మగవిగా మారే చేపలు. గుంపులో మగది పోతే ఆడవాటిలో పెద్దది ముందు నడత మార్చుకుంటుంది. తర్వాత అండాశయం వృషణంగా మారుతుంది. ఒంట్లో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ తగ్గి, చేపల మగ హార్మోన్ 11-కీటోటెస్టోస్టిరాన్ పెరుగుతుంది. క్లీనర్ రాస్‌లలో మగదాన్ని తీసేస్తే పెద్ద ఆడది గంటల్లోనే మగదానిలా దబాయించడం మొదలుపెడుతుందని, రెండు మూడు వారాల్లో వీర్యం తయారవుతుందని పరిశోధకుడు డి.ఆర్. రాబర్ట్‌సన్ 1972లో సైన్స్ పత్రికలో రాశాడు. మెలనూరస్‌దీ అదే దారి. ఇంట్లో ఒంటరిగా పెరిగే ఆడది కూడా తరచూ కొన్ని నెలల్లో మగరంగు తిరుగుతుంది. 5 నుంచి 7 సెం.మీ. ఆడదాన్ని తెస్తే రెండు రూపాలూ మీ ట్యాంకులోనే చూడొచ్చు. పెద్ద మగదాన్ని తెస్తే దాని వయసెంతో ఎవరూ చెప్పలేరు, కొత్త తిండికి అలవాటుపడటం కూడా దానికి కష్టం.

గుర్తుపట్టడం తేలికే. ఆడదానికి మూతి నుంచి తోక దాకా నీలం, నారింజ చారలు పొడుగ్గా ఉంటాయి. వీపు రెక్క మొదట్లో చిన్న నల్లచుక్క, మధ్యలో అంచు కట్టిన పెద్ద కన్నుచుక్క, తోక మొదట్లో పైవైపు ఇంకోటి. మగదిగా మారుతున్నకొద్దీ వీపు రెక్క మధ్యలోని చుక్క వెలిసిపోతుంది, ఒళ్లు ఆకుపచ్చకు తిరిగి వీపు పక్కల పొట్టి అడ్డపట్టీలు లేస్తాయి, పక్క రెక్క మొదట్లో పసుపు మచ్చ, తోక చివర నల్ల మచ్చ కనిపిస్తాయి. చుక్కలూ పట్టీలూ సగం సగంగా ఉంటే అది మారే దశలో ఉన్నట్టు, జబ్బు కాదు. మూతి సాగినట్టు పొడుగ్గా ఉంటే అనుమానించండి, అది రిచ్‌మండీ రాస్ కావచ్చు. మెలనూరస్ 12 సెం.మీ. దగ్గర ఆగుతుంది, రిచ్‌మండీ 19 దాకా పెరుగుతుంది.

"జత ఉందన్నా, తీసుకో" అంటే రెండింటినీ పక్కపక్కన చూడండి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి చారలది అయితే సరే. రెండూ పెద్ద ఆకుపచ్చవైతే అది జత కాదు, తగాదా. మూడు కావాలంటే మూడూ ఆడవే, సైజు తేడాతో, ఒకేసారి వదలండి. పెద్దదే మగది అవుతుంది.

డబ్బు ఇచ్చే ముందు మీ కళ్లెదుటే చేపకు ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన సన్న రొయ్యల్లాంటి మేత) వేయించి చూడండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. పొట్ట లోపలికి పీక్కుపోయిందా, దవడ గీరుకుపోయిందా చూడాలి. షాపు ట్యాంకుల్లో ఇసుక ఉండదు కాబట్టి రాత్రి దూరడానికి ప్రయత్నించి అడుగు గాజుకు మూతి కొట్టుకుంటాయి. మనది సముద్రం లేని ఊరు, చేప మన దాకా రావడానికి రెండు మూడు చేతులు మారుతుంది. వచ్చి కనీసం వారమైనదాన్నే తీసుకోండి.

ఇక ఇసుక. ఈ చేప రాత్రి ఇసుకలో పడుకుంటుంది, భయమేసినా అందులోకే దూకుతుంది. 1 మి.మీ. అటూ ఇటూ ఉన్న సన్నటి అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక 6 సెం.మీ. మందం కావాలి. 4 × 1.5 అడుగుల అడుగుకు అది 32 లీటర్లు, అంటే దాదాపు 45 నుంచి 50 కిలోలు. అంత వద్దనుకుంటే రాళ్లు లేని ఒక మూల మాత్రమే 45 × 45 సెం.మీ. మేర 7 సెం.మీ. పోయండి, 20 కిలోలతో సరిపోతుంది. కోరల్ ముక్కలు వేస్తే ఒళ్లు గీరుకుని ఇన్‌ఫెక్షన్ వస్తుంది. రాళ్లను ఇసుక మీద కాదు, ముందు గాజు మీద కూర్చోబెట్టాలి. లేకపోతే చేప కింద తవ్వి రాయి కూలుతుంది. రాళ్లు కూడా డ్రై రాక్ (ప్రాణులేవీ లేని ఎండు రాయి) అయితేనే మంచిది. మన సముద్రంలోని రాతి పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, "లోకల్ లైవ్ రాక్" (మన సముద్రంలోంచి ప్రాణులతో సహా తీసిన రాయి) అన్న మాట వింటే దండం పెట్టి వచ్చేయండి.

మూతకు 6 మి.మీ. కన్నుల జాలి వాడండి. పైపులు దిగే చోట వేలు పట్టే సందు ఉన్నా చాలు, అందులోంచే దూకుతుంది.

నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు, సాంద్రత 1.025. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్లు రెండు మూడు డిగ్రీలు దించుతాయి, కానీ ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు కలిపే ఆటో టాప్ అప్ లేకపోతే ఉప్పు పెరిగిపోతుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరగగానే ఫ్యాన్ చేతులెత్తేస్తుంది. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) అనవసరం అనేవాళ్ల మాట మేలో నమ్మకండి. కృష్ణా, మంజీరా నల్లా నీళ్లయినా, బోరు నీళ్లయినా ఆర్‌ఓ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) దాటించి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, 0 చేయాలి. వంటింటి ఆర్‌ఓలు చాలావరకు రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలుపుతాయి, అవి పనికిరావు. ట్యాంకులో 22 లీటర్ల నీళ్లు మార్చడానికి ఉప్పు దాదాపు 800 గ్రాములు పడుతుంది. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు పక్కన ఉంచండి.

కొత్త చేపను ముందు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకు ఖాళీ అడుగుతో ఉన్నా, లోపల ఒక ప్లాస్టిక్ డబ్బాలో 8 సెం.మీ. ఇసుక పెట్టాలి. పురుగులకు ప్రాజిక్వాంటెల్ మందు లీటరుకు 2.5 మి.గ్రా. వేస్తారు. ఆ రోజుల్లో ఆకలి తగ్గొచ్చు, గాలి బుడగలు వదిలే రాయి ఆపకండి. పెద్ద ట్యాంకులో వదిలాక నాలుగైదు రోజులు ఇసుకలోంచి బయటికి రాకపోయినా మామూలే. చచ్చిందేమోనని తవ్వడమే ఈ చేపను చంపే పద్ధతి.

తిండి రోజుకు రెండు మూడుసార్లు, కొద్దికొద్దిగా. మైసిస్‌కు తోడు రామ్‌నగర్ మార్కెట్ రొయ్యల్ని ఒలిచి, కడిగి, సన్నగా తరిగి ఫ్రీజ్ చేసి వాడొచ్చు. ఫ్లాట్‌వార్మ్‌లనే చదునైన పురుగుల్నీ, నత్తల మీద బతికే పిరమిడెల్లిడ్ నత్తల్నీ ఏరి తింటుంది, కోరల్ పెంచేవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. అలంకారానికి తెచ్చిన చిన్న రొయ్యల్ని కూడా అదే ఇష్టంతో తింటుంది.

మిగతా రాస్‌ల సంగతి: సిక్స్‌లైన్ చిన్నదే గానీ, స్థిరపడ్డాక కొత్త చేపను బతకనివ్వదు, అదే తేవాలనుకుంటే ఆఖరున తేవాలి. ఎల్లో కోరిస్ నెమ్మదైనది, దానికీ ఇవే ఏర్పాట్లు. ఫెయిరీ రాస్‌లకు ఇసుక అక్కర్లేదు, రాత్రి జిగురు తొడుగు కట్టుకుని రాళ్లలో పడుకుంటాయి, మూత మాత్రం తప్పదు. మూన్ రాస్ 25 సెం.మీ. దాటుతుంది, నాలుగడుగుల ట్యాంకుకు అది వద్దు. క్లీనర్ రాస్‌ను అసలు కొనకండి. పెద్ద చేపల మీది పురుగులు, జిగురు తిని బతికేది అది, ఇంటి ట్యాంకులో చాలావరకు ఆకలితోనే పోతుంది.