మేడ మీద గడ్డిమోపు, పాతిపెట్టిన కుండ, తలకిందుల టమాటా: వాడి చూశాక నా రివ్యూ

మేడ మీద కూరగాయలు పెంచడానికి వింత వింత పద్ధతులు కొన్ని వాడి చూశా. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ రాసేవన్నీ బెంగళూరులో, రామమూర్తి నగర్ వైపు ఒక అద్దె ఇంటి మేడ మీద, బోరు నీళ్ళతో పెంచినవి. హైదరాబాదులోనో నెల్లూరులోనో ఉంటే మీ లెక్క వేరే, ఇక్కడ ఊరే 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఏప్రిల్లో కూడా రాత్రయ్యేసరికి మొక్క తేరుకుంటుంది. అలాగే ఇవన్నీ ఏదో ఒక్క కాపు చూసి రాస్తున్నవి కావు, ఎండాకాలం, వానాకాలం, ఊరెళ్ళి వారం రోజులు తాళం వేసిన సంక్రాంతి, అన్నీ దాటాక ఏది నిలబడింది ఏది అటకెక్కింది అనేదే చెప్తున్నా.

గడ్డిమోపుతో మొదలుపెడతా, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. అమెరికాలో మిన్నెసోటాకి చెందిన జోయెల్ కార్‌స్టెన్ అనే ఆయన దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మట్టి అక్కర్లేదు, మోపే కుండీ. మోపు మీద పది పన్నెండు రోజులు నీళ్ళు, మధ్యమధ్యలో యూరియా పోస్తే లోపల కుళ్ళడం మొదలై వేడెక్కుతుంది, ఆ వేడి దిగాక నారు నాటాలి. నాకు ఇది నచ్చడానికి అసలు కారణం మా కుండీల మట్టికి పట్టిన ఎండు తెగులు. ఆకులు పచ్చగా ఉండగానే టమాటా మొక్క మధ్యాహ్నం వాలిపోయేది, సాయంత్రం లేచేది, రెండు మూడు రోజుల్లో ఇంక లేచేది కాదు. కాండం కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే కోసిన చోటు నుంచి పాలదారంలా తెల్లగా కిందికి జారుతుంది చూడండి, అదొస్తే బ్యాక్టీరియా ఎండు తెగులే, మందులేం పనిచేయవు. మట్టే లేకపోతే ఈ గొడవే ఉండదు కదా అని పాలవాళ్ళ దగ్గర వరిగడ్డి మోపులు కొన్నాం, మండ్య వైపు నుంచి మెషిన్ కట్టినవి వస్తాయి.

మోపు వేడెక్కడం మాత్రం నిజం, చెయ్యి లోపలికి పెడితే ఎక్కువసేపు ఉంచలేం. మా ఇంటి ఓనరు ఆంటీ పైకొచ్చి ఆవిరి చూసి నిప్పంటుకుందేమో అని కంగారుపడింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే మోపు నిండా బూడిదరంగు గొడుగులు, పుట్టగొడుగులు, మధ్యాహ్నానికి అవే కరిగి నల్లటి సిరాలాగా కారిపోయాయి. మొక్కకేం కాదు, తినకూడదు అంతే. ఇంకో విషయం, విదేశాల్లో ఎక్కువగా గోధుమగడ్డి వాడతారు, మనది వరిగడ్డి, కంకుల్లో మిగిలిన గింజలు మొలిచి మోపుకి పచ్చ జుట్టు వచ్చేస్తుంది, కూర్చుని పీక్కోవడమే. కట్టిన తాడు జనపనారదైతే కుళ్ళి మోపు మధ్యలోనే విచ్చుకుంటుంది, ప్లాస్టిక్ తాడుదే అడిగి తీసుకోండి.

టమాటా కాసిందా అంటే కాసింది, బాగానే కాసింది, ఎండు తెగులు రాలేదు. కానీ గడ్డి కుళ్ళుతున్నంతసేపూ నత్రజని అదే లాగేసుకుంటుంది కాబట్టి కింది ఆకులు పసుపెక్కుతాయి, వారం వారం ఏదో ఒక ఎరువు నీళ్ళు పోస్తూనే ఉండాలి. నీళ్ళు నిలవవు, పైన పోస్తే కిందికి పోతాయి, ఎండలో పూటపూటా పోయాలి. అక్టోబరు వానలకి మోపు సగానికి కూలబడి టమాటా పక్కకి ఒరిగింది, మిగిలినదాంట్లో ఎలుక కాపురం పెట్టింది. మిగిలిన గడ్డి కంపోస్టుకి అద్భుతం, అది ఒప్పుకోవాల్సిందే.

అసలు తమాషా ఏంటంటే మోపులోనూ పాత మట్టి కుండీలోనూ పక్కపక్కనే అర్కా రక్షక్ అనే టమాటా నారు పెట్టా. ఇది మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ హైబ్రిడ్, ఆకుముడత వైరస్‌నీ, ఈ బ్యాక్టీరియా ఎండు తెగుల్నీ, ఆకుల మీద మచ్చలేసే ఎర్లీ బ్లైట్‌నీ మూడింటినీ తట్టుకుంటుంది. ఆ తెగులు పట్టిన మట్టిలోనే అది నిక్షేపంగా నిలబడింది! అంటే మోపు మోసుకొచ్చి, యూరియా పోసి, ఎలుకల్ని తరిమి నేను సాధించింది విత్తనాల ప్యాకెట్టు మారిస్తే వచ్చేదే. మీ బాధ ఎండు తెగులు ఒక్కటే అయితే పద్ధతి జోలికి పోకుండా రకం మార్చండి. గడ్డిమోపుకి నేనిచ్చేది ఐదులో రెండు, కింద నేల ఉన్నవాళ్ళయితే మూడు వేసుకోండి.

ఇప్పుడు కుండ. దీనికి ఐదుకి ఐదు, బేరం లేదు. పెద్ద తొట్టి మధ్యలో మట్టికుండని మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టడమే. చుట్టూ మట్టి ఎండితే కుండ గోడలోంచి నీరు బయటికి వస్తుంది, మట్టి తడిగా ఉంటే ఆగిపోతుంది. చైనాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో రాసిన వ్యవసాయ పుస్తకంలోనే ఈ పద్ధతి ఉంది, కాబట్టి వీడియోల్లో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేవాళ్ళని చూసి నవ్వుకోండి. మేం ఇక్కడే కుండలు చేసి అమ్మే పాటరీ టౌన్‌లో కొన్నాం. అక్కడ వరసగా అన్నీ ఎర్రగా మెరుస్తూ ఉంటాయి, మెరిసేది తీసుకోవద్దు, పూత ఉంటే రంధ్రాలు మూసుకుపోతాయి. నేనైతే వేలు తడిపి కుండ మీద చుక్క పెట్టి చూస్తా, చుక్క వెంటనే ఇంకి మచ్చ పడితే మంచిది, జారిపోతే పనికిరాదు. అమ్మేవాళ్ళు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

కుండ చుట్టూ దోసకాయ, కాకర, బెండ పెట్టా. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చేసరికి పక్కన మామూలు కుండీల్లో తోటకూర ఎండి గలగలలాడుతోంది, కుండ పక్క దోసపాదు మాత్రం ఏమీ పట్టనట్టుంది. కాపు అయ్యాక కుండ తవ్వి తీస్తే చుట్టూ వేర్లు వల అల్లినట్టు పట్టుకుని ఉన్నాయి, పీకితే గానీ ఊడిరాలేదు. పైన మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి కలుపు కూడా తక్కువ. ఇబ్బందులు రెండు. ఒకటి, విత్తనం నేరుగా వేస్తే పైపొర తడవక మొలవదు, వేరు దిగేదాకా పైనుంచి కూడా పోయాలి. రెండోది మన బోరు నీళ్ళ ఉప్పు, ఏడాది తిరిగేసరికి కుండకి తెల్లగా పొర పట్టి నీరు వదలడం తగ్గిస్తుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి కొబ్బరిపీచుతో రుద్దితే మళ్ళీ పనిచేస్తుంది.

2024 మార్చిలో ఇక్కడ నీళ్ళ కరువు వచ్చినప్పుడు తాగే నీళ్ళు మొక్కలకి పోస్తే 5000 రూపాయల ఫైన్ అని జలమండలి వాళ్ళు ఆర్డర్ వేశారు గుర్తుందిగా, అప్పుడు మా మేడ మీద మిగిలినవి కుండ తొట్లూ, డ్రమ్ములూ మాత్రమే. కూరగాయలు కడిగిన నీళ్ళతోనే గడిచిపోయింది.

డ్రమ్ముల సంగతి చివర్లో చెప్తా, మధ్యలో చిన్నాచితకవి లాగించేస్తా. తలకిందుల టమాటా, అంటే బకెట్టుకి కింద కన్నం పెట్టి మొక్కని వేలాడదీయడం, ఫోటోకి బావుంటుంది. మొక్కేమో వెలుతురు కోసం మెడ తిప్పుకుని మళ్ళీ పైకే పోతుంది, మనం పోసిన నీళ్ళన్నీ కాయల మీద నుంచి కారుతుంటాయి. బకెట్టు తొందరగా ఎండి కాయ అడుగు నల్లబడుతుంది. సున్నా. రాగితీగ చుట్టి కర్ర పాతితే గాలిలో కరెంటు మొక్కకి వస్తుందట, మిరపలో పెట్టా, తీగ ఉన్నదానికీ లేనిదానికీ తేడా నాకైతే కనపడలేదు, పైగా రాగి ధర తెలుసుగా.

క్రాట్కీ పద్ధతి వేరే, అది సీరియస్‌గా పనిచేసే వస్తువు. హవాయి యూనివర్సిటీ బెర్నార్డ్ క్రాట్కీ గారి పేరుతో వచ్చింది, మోటారు లేకుండా, మట్టి బదులు నీళ్ళలోనే మొక్క పెంచే హైడ్రోపోనిక్స్. పోషకాలు కలిపిన నీళ్ళ డబ్బా మీద మొక్క, నీళ్ళు తగ్గేకొద్దీ పై వేర్లకి గాలి. నీళ్ళు తగ్గాయి కదా అని మళ్ళీ అంచు దాకా నింపితే ఆ గాలి వేర్లు మునిగి మొక్క పోతుంది. డబ్బా నల్లగా ఉండాలి లేకపోతే పాచి, మూత దగ్గర సందు ఉంటే దోమ. లెట్యూస్ ఇక్కడి చలికి బ్రహ్మాండంగా వచ్చింది, కాకపోతే మా ఇంట్లో తినేవాళ్ళే లేరు, అత్తమ్మ చివరికి పప్పులో వేసేసింది. పర్లేదు, బచ్చలికి తమ్ముడు అనుకోవచ్చు. గోంగూరకి ఇంత హంగామా దండగ, అది ఎక్కడ వేసినా వస్తుంది. మూడు.

ఇక డ్రమ్ము, వికింగ్ బెడ్ అంటారు. నీలం డ్రమ్ముని నిలువునా సగానికి కోసి, అడుగున జల్లికంకర, అందులోకి ఒక పీవీసీ పైపు, పైన పాత బెడ్‌షీటు, ఆపైన మట్టీ కొబ్బరిపొట్టూ. పైపులోంచి నీళ్ళు పోస్తే అడుగున నిలవుండి మట్టి పైకి లాక్కుంటుంది. మట్టి మందం ఒక అడుగు దాటితే పైదాకా తడి చేరడం కష్టం. కంకర పై అంచు దగ్గర పక్కన ఒక కన్నం తప్పనిసరి, లేకపోతే వానకి చెరువే. కంకర, పైపు, కోత కూలి కలిపితే కుండ కంటే ఖర్చు బాగానే ఎక్కువ, కానీ పాలకూర, చుక్కకూర, మెంతికూర దీంట్లో వచ్చినంత ఒత్తుగా ఇంకెక్కడా రాలేదు నాకు. అత్తమ్మ బియ్యం కడుగు పైపులో పోసేది బలం అని, రెండు రోజులకే అడుగున పులిసి వీధి చివరిదాకా వాసన, కడుగు పోయాలంటే పైన మట్టి మీదే పోయండి. ఆర్‌ఓ మెషిన్ వేస్టు నీళ్ళు కూడా వద్దు, ఉప్పంతా పైకి చేరి మట్టి మీద తెల్లగా పెచ్చు కడుతుంది, వానాకాలంలో ఒకసారి పైనుంచి బాగా కడిగేస్తే పోతుంది. నాలుగున్నర ఇస్తా, ఆ సగం తగ్గించింది బరువుకి. 60 లీటర్ల నీళ్ళంటే 60 కిలోలు, దాని మీద తడి మట్టీ కంకరా వేరే, అందుకే మావి మేడ మధ్యలో పెట్టకుండా కింద గోడ ఉన్న అంచుల వెంటే పెట్టాం, అదీ ఓనరు ఆంటీని అడిగి, వాళ్ళ మేస్త్రి వచ్చి చూసి సరే అన్నాకే. డ్రమ్ము సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు ఏం పోసేవారో అడగండి, పండ్లరసం, నూనె లాంటివి అయితేనే తీసుకోండి, కెమికల్ లేబుల్ చింపేసిన డ్రమ్ము ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.