పాప కారు సీటు: మూడేళ్ళు దాటిన వాడకం తర్వాత

కారు ఉండి, ఇంట్లో చిన్నపిల్ల ఉండి, శని ఆదివారాలు వస్తే ఇంటిపట్టున ఉండలేని మాలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. మాది విజయవాడ, కారు మామూలు హ్యాచ్‌బ్యాక్, పాపకి నాలుగేళ్ళు దాటాయి. తనకి మెడ నిలిచిన కొత్తలో కొన్న సీటు ఇది, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కంపెనీ పేరు చెప్పను. షాపుల్లో ఈ ధరకి నేను చూసినవన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, ఒకదాన్ని పొగిడి ఇంకోదాన్ని తిట్టేంత తేడా కనబడలేదు. రకం చెప్తాను, అదే ముఖ్యం: పుట్టినప్పటి నుంచి 18 కేజీల బరువు వరకు పనికొచ్చే కన్వర్టిబుల్ సీటు. ఐసోఫిక్స్ (కారు వెనక సీటు సందులో ఉండే కొక్కేలకి నేరుగా తగిలించే ఏర్పాటు) లేదు, కారు సీటు బెల్టుతోనే బిగించాలి. పాపని పట్టుకునే బెల్టు అయిదు చోట్ల ఉంటుంది, రెండు భుజాల మీద, రెండు నడుం పక్కన, ఒకటి కాళ్ళ మధ్య. వెనకాల ఈసీఈ ఆర్44/04 అని నారింజ రంగు స్టిక్కర్ ఉంది, భద్రతా పరీక్ష పాసైనట్టు గుర్తు అది. అది గానీ, దాని తర్వాత వచ్చిన ఆర్129 గానీ, అలాంటి భద్రతా గుర్తేదీ లేని సీటు ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. మాకు ఎనిమిది వేల చిల్లర పడింది.

ముందే చెప్పేస్తున్నా, డబ్బులు దండగ కాలేదు. అసలు ఈ సీటు లేకపోతే మేం ఇన్ని ఊళ్ళు తిరిగేవాళ్ళం కాదు. కాకపోతే వీడియోల్లో చూపించినట్టు కొన్నామా, పెట్టామా, పిల్ల నవ్వుతూ కూర్చుందా అన్నంత తేలిగ్గా జరగదు.

మొదట బిగించడం గురించి. కన్వర్టిబుల్ అంటే 13 కేజీల వరకు వెనక్కి తిప్పి పెట్టొచ్చు, అంటే పాప మొహం కారు వెనక అద్దం వైపు ఉంటుంది, ఆ తర్వాత ముందుకి తిప్పుకోవాలి. వెనక్కి తిప్పి పెట్టినప్పుడు కారు బెల్టు సీటు చుట్టూ మొత్తం తిరిగి రావాలి, కొన్ని చిన్న కార్లలో ఆ బెల్టు పొడవు చాలదు, అందుకని కొనేముందు షాపు వాడిని అడిగి మీ కారులో ఒకసారి పెట్టి చూసుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకుంటారో లేదో చూసుకోండి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మన కార్లలో వెనక బెల్టులు చాలావరకు గట్టిగా కుదిపితేనే లాక్ అవుతాయి, మామూలుగా వదులుగానే ఉంటాయి. కాబట్టి సీటుకే ఎర్ర రంగు క్లిప్పు లాంటిది ఉండాలి, బెల్టుని లాగి అందులో బిగిస్తే మళ్ళీ జారదు. మా దానికి ఉంది. మోకాలు సీటులో పెట్టి బరువంతా వేసి నొక్కి, ఇంకో చేత్తో బెల్టు లాగి క్లిప్పు వేయాలి. కొత్తలో ఇద్దరం చెమటలు కక్కేవాళ్ళం, ఇప్పుడు మా ఆయన ఒక్కడే అయిదు నిమిషాల్లో పెట్టేస్తాడు. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు, అదే లెక్క. పైన తల దగ్గర పట్టుకుని ఊపితే ఎలాగూ కదులుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

రెండేళ్ళు దాటేదాకా వెనక్కి తిప్పే ఉంచాం. దీనికి చుట్టాల దగ్గర పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. పిల్లకి దారి కనబడదు, కాళ్ళు ముడుచుకుపోతాయి, ఊపిరాడదు, అసలు ఎవరైనా పిల్లని గోడకి తిప్పి కూర్చోబెడతారా అని. కాళ్ళు బాసిపట్టు వేసుకుని హాయిగా కూర్చునేది, కాళ్ళ గురించి పాప ఏనాడూ ఏడవలేదు. కారణం ఏమిటంటే చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే ముందుకి తిరిగి ఉన్న పిల్లకి ఒళ్ళు బెల్టు దగ్గర ఆగిపోయి తల మాత్రం విసురుగా ముందుకి పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బ వీపంతా, తలంతా సీటు మీద పరుచుకుంటుంది. స్వీడన్‌లో నాలుగేళ్ళు వచ్చేదాకా ఇలాగే కూర్చోబెడతారట అని చెప్తే మా మామయ్యగారు "అక్కడ చలి, అందుకని" అన్నారు. ఇంకేం మాట్లాడతాం.

దీన్ని ముందు సీట్లో మాత్రం పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిప్పిన పిల్ల సీటు పెడితే, అది తెరుచుకున్నప్పుడు సీటుని వెనకనుంచి కొడుతుంది, ప్రాణాపాయం. సన్‌వైజర్ మీద బొమ్మ వేసి మరీ హెచ్చరిస్తారు, అయినా పెట్టేవాళ్ళని చూశాను.

ఇక ఇంట్లో పోరు. మా అత్తయ్యది ఒకటే మాట, నా ఒళ్ళో కంటే ఆ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కువా అని. ఆవిడ ప్రేమని కాదనలేం, కానీ గంటకి యాభై అరవై కిలోమీటర్ల వేగంలో ఏదైనా జరిగితే పది కేజీల పిల్లని ఏ చేతులూ ఆపలేవు, పైగా ఒళ్ళో ఉన్న పిల్ల మీద పెద్దవాళ్ళ బరువు కూడా పడుతుంది. ఇది చెప్తే "అపశకునం మాటలు" అంటారు. చివరికి చట్టం పేరు చెప్పి నెట్టుకొచ్చాం. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 194బి సెక్షన్ పెట్టారు, 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు గానీ ఇలాంటి సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయలు జరిమానా. దీని కోసం బండి ఆపిన పోలీసు మాకు ఇంతవరకూ తగల్లేదు, ఆ ముక్క అత్తయ్యకి చెప్పలేదు. ఇప్పటికీ ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు, పాప పక్కనే కూర్చుని దారి పొడుగునా మోకాలి మీద చెయ్యి వేసే ఉంచుతారు. ఉంచుకోనివ్వండి, బెల్టు కట్టి ఉన్నంతసేపు నాకేం అభ్యంతరం లేదు.

ఆవిడ అన్నదాంట్లో ఒకటి మాత్రం నిజం. పాలు తాగే పిల్లతో ఈ సీటు నరకమే. ఏడిస్తే తీసి ఎత్తుకోవడానికి లేదు, కారు ఆపాల్సిందే. ఆ రోజుల్లో గుంటూరు వెళ్ళడానికి కూడా గంటన్నర పట్టేది. పడుకున్న పసిపిల్లని గంటలకొద్దీ అందులోనే ఉంచడం కూడా మంచిది కాదు, తల ముందుకి వాలిపోతుంది, రెండు గంటలకోసారి దించి కాసేపు పడుకోబెట్టాలి. ఇంటికొచ్చాక నిద్ర చెడుతుందని సీటుతో సహా హాల్లో పెట్టేయడం అస్సలు వద్దు.

ఏడాది దాటాక ఆట మారింది. ఇక్కడ అందరూ చేసే పని ఏమిటంటే దూరప్రయాణాలకి సీటు కట్టి, కూరగాయలకి, పక్క వీధి బేకరీకి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. పిల్లలకి అది చాలు, ఏడిస్తే కట్లు విప్పుతారని పట్టేస్తారు. మేం బెంజి సర్కిల్ దాకా వెళ్ళినా సరే కట్టాం. కట్టకపోతే కారు స్టార్ట్ అవదు అన్నది ఆమెకి సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటి సంగతి అయిపోయింది. మధ్యలో రెండేళ్ళప్పుడు ఒంటిని విల్లులా వంచి అరిచిన రోజులు ఉన్నాయి, అప్పుడు బేరాలు లేవు, కారు పక్కకి ఆపి ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం, తనే అలిసిపోయి కూర్చునేది. ఇప్పుడు తనే వాళ్ళ నాన్నకి బెల్టు గుర్తు చేస్తుంది. సీటు కంపెనీ ఏదైనా సరే, రోజూ కట్టే ఇంట్లోనే అది పనిచేస్తుంది. అటక మీద పెట్టి పండక్కి తీసేవాళ్ళకి ఎంత ఖరీదైన సీటైనా ఒకటే.

దీనివల్ల వచ్చిన లాభం ప్రయాణాల్లో తెలుస్తుంది. వారధి దాటేదాకా కబుర్లు, మంగళగిరి వచ్చేసరికి ఆవలింతలు, కాజ టోల్ గేటు దాటేలోపు నిద్ర. ఒళ్ళో అయితే ఇలా పడుకునేది కాదు, ప్రతి కుదుపుకీ లేచేది. మేం శుక్రవారం రాత్రి ఏమీ అనుకోకుండా శనివారం పొద్దున్నే సూర్యలంక బయల్దేరిపోతాం, గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల, దారిలో పొన్నూరు ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక ఆగుడు, ఎండెక్కేలోపు ఇసకలో ఉంటాం. పూట ఖాళీ అయితే కొండవీడు, ఘాట్ రోడ్డు పడ్డాక కోట పైదాకా కారు వెళ్తుంది, పిల్లని మోసుకుంటూ మెట్లెక్కే పని తప్పింది. రెండు రోజులు ఉంటే సాగర్. మాచర్ల దారిలో విజయపురి సౌత్ వెళ్తే అక్కడే లాంచీ, నాగార్జునకొండ మ్యూజియంలో రాళ్ళు మా పాపకి పట్టవు గానీ లాంచీ ఎక్కడం మాత్రం మూడు రోజులు చెప్పుకుంటుంది. ఎత్తిపోతల 70 అడుగుల ఎత్తునుంచి పడుతుంది, వానలు పడ్డాక వెళ్ళండి, ఎండాకాలం వెళ్తే పిల్లకి చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు విసుగు పుట్టించిన సంగతులు. అన్నిటికంటే పెద్దది ఎండ. విజయవాడ మేలో రెండు గంటలు బయట నిలబెట్టిన కారులో ఈ సీటు బకిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, అది పిల్ల తొడకి తగిలిందంటే ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే. దిగేటప్పుడు సీటు మీద తెల్లటి తుండు కప్పి వెళ్ళడం, ఎక్కేముందు బకిల్ చేత్తో చూడడం అలవాటు చేసుకోండి. కవరు పాలిస్టర్, వీపంతా చెమట పట్టి చొక్కా అతుక్కుపోయేది. పల్చటి పాత నూలు పంచె ముక్క పరిస్తే నయం, అంతే కానీ మెత్తగా ఉంటుందని బొంతలు, దిళ్ళు వీపు కింద పెట్టొద్దు, బెల్టు వదులైపోతుంది. భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్టే.

రెండోది సూర్యలంక ఇసుక. సముద్రంలో తడిసిన పిల్లని అలాగే కూర్చోబెడితే ఇసుకంతా కాళ్ళ మధ్య బకిల్‌లోకి దిగింది, వారం తిరిగేసరికి క్లిక్‌మనడం మానేసింది. నొక్కితే లోపలికి పోతుంది, లాగితే ఊడి వస్తుంది. బంధువొకాయన కొబ్బరినూనె చుక్క వేయమన్నారు, అది చేయకూడదు, నూనెకి దుమ్ము ఇంకా పడుతుంది. సీటుతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టు బకిల్‌ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి నొక్కుతూ వదులుతూ ఉంటే గ్లాసు అడుగున ఇసుక చేరింది, రెండుసార్లు నీళ్ళు మార్చి నీడలో ఆరబెడితే మళ్ళీ గట్టిగా క్లిక్‌మంది. ఇప్పుడు సముద్రం నుంచి వస్తే ముందు కారు పక్కన బాటిల్ నీళ్ళతో కాళ్ళు కడిగి, బట్టలు మార్చాకే సీటు.

మూడోది వాంతులు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో మలుపులకి పెద్దవాళ్ళకే తిప్పుతుంది. పైగా రాత్రిపూట అడవి దారి మూసేస్తారని చీకటి పడేలోపు దాటాలని తొందర. పెరుగన్నం పెట్టి బయల్దేరితే ఫలితం సీటు మొత్తం కనబడుతుంది. కవరు విప్పడం ఒక ఎత్తు, మళ్ళీ తొడగడం పది ఎత్తులు, బెల్టులు ఏ కన్నంలోంచి వచ్చాయో గుర్తుండదు, విప్పేముందు ఫోన్లో ముందూ వెనకా ఫొటోలు తీసుకోండి. కవరు చేత్తో ఉతకొచ్చు, బెల్టులని మాత్రం తడిగుడ్డతో తుడవడమే, మెషిన్లో వేయకూడదు, బ్లీచింగ్ అసలే వద్దు.

ఇంకా చిన్నాచితకా: ముందుకి తిప్పాక వాలు సరిపోదు, నిద్రలో తల వేలాడిపోతుంది. తల దగ్గర దిండులో ఫోమ్ పొడి పొడిగా రాలిపోయింది. వెనక మధ్యలో ఇంక మనిషి పట్టడు, అత్తయ్య మామయ్య ఇద్దరూ వస్తే నేను ముందు, వాళ్ళలో ఒకరు సర్దుకుని కూర్చోవాలి, సొంతూరు వెళ్ళినప్పుడల్లా ఇదో పంచాయితీ.

ఐసోఫిక్స్ తీసుకోవాల్సిందా అని అడిగేవాళ్ళకి: మీ కారులో వెనక సీటు సందులో ఆ కొక్కేలు ఉంటే, ఒకే కారు వాడతాం అనుకుంటే అదే తీసుకోండి, తప్పుగా బిగించే అవకాశం చాలా తక్కువ. మాకు బెల్టు రకం కలిసొచ్చింది. పుట్టింటికి వెళ్తే మా అన్నయ్య పాత కారులోనూ పెట్టుకున్నాం, ఊరెళ్ళడానికి అద్దె కారు మాట్లాడినప్పుడూ పెట్టుకున్నాం. డ్రైవర్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఊళ్ళో ఆటో ఎక్కినప్పుడు మాత్రం దీనికి మందు లేదు. స్కూటర్ మీదకైతే 2022లో వచ్చిన రూలు ఉంది, నాలుగేళ్ళలోపు పిల్లలకి, వాళ్ళని నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు.

పాప ఇప్పుడు 16 కేజీలు, 18 వచ్చేలోపు సీటు మార్చాలి. తర్వాతది వీపు ఎత్తుగా ఉండే బూస్టర్, 15 నుంచి 36 కేజీల వరకు వచ్చేది చూస్తున్నాం, అందులో పిల్లని కారు బెల్టే పట్టుకుంటుంది, కాకపోతే అది మెడ మీదకి కాకుండా భుజం మీదుగా వచ్చేలా ఎత్తు సరిచేస్తుంది. పాత సీటు మా మరిది వాళ్ళు అడిగారు. యాక్సిడెంట్ అయిన సీటు ఇవ్వకూడదు, తీసుకోకూడదు, మాది అలాంటిదేం కాదు. అడుగున తయారీ తేదీ అచ్చు వేసి ఉంది, ప్లాస్టిక్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది కాబట్టి పుస్తకంలో ఎన్నేళ్ళని ఉందో చూసి ఇస్తాం. ఫోమ్ దిండు మాత్రం వాళ్ళే కొనుక్కోవాలి.