సగంలో ఆగిన ఆల్బం కోసం మళ్లీ హైదరాబాద్ చుట్టాం

2001 వేసవి సెలవుల్లో కాకినాడ నుంచి గౌతమి ఎక్కి వచ్చి హైదరాబాద్ చూసి వెళ్లాం. ఆ ఫోటోల్ని గోల్కొండ దాకా నాన్న శ్రద్ధగా ఆల్బంలో అంటించారు, కింద పెన్నుతో తేదీలు కూడా వేశారు. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. మిగిలిన ఫోటోలు, నెగటివ్‌లు, బోటు టికెట్లు, లాడ్జి రసీదు ఒక చీరల అట్టపెట్టెలో ఉండిపోయాయి. ఇప్పుడు నేనుండేది మల్కాజిగిరిలో. దసరాకి వస్తున్నామని అమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ పెట్టె కూడా పట్టుకురమ్మన్నాను. ఆల్బం పూర్తి చేద్దాం, ఫోటో లేనిచోటికి మళ్లీ వెళ్దాం అని. పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఈ ఊరు తిరగాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు బస సంగతి. అప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జిలో దిగాం. రసీదు మీద రోజుకి 275 అని ఉంది. నలుగురికీ ఒకటే గది, కింద ఒక అదనపు పరుపు. రైలు దిగి నడిచి వెళ్లిపోవచ్చన్నది తప్ప ఆ చోటుకి వేరే సుగుణం లేదు. చూడాల్సినవి చాలావరకు మూసీ వైపు, మేమేమో ఈ చివర. పొద్దున్నే రెతిఫైల్ బస్టాండుకి వెళ్లి 8ఎ బస్సు పట్టుకుంటే, చార్మినార్ వచ్చేసరికి తమ్ముడు ఒక నిద్ర తీసేవాడు. ఈసారి పెద్దమ్మ వాళ్లు కూడా కలిశారు, మా ఫ్లాటు చాలదు. అందుకని లక్డీకాపూల్‌లో గదులు తీసుకున్నాం. మెట్రో స్టేషన్ నడిచే దూరం. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా రైలు, అక్కణ్నుంచి పాతబస్తీకి ఆటో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బస్సు మెట్లు ఎక్కే బాధ తప్పింది. హోటల్ పేరు ఎందుకులెండి గానీ, బుకింగ్ ఫోటోల్లో చూపించిన కిటికీ మా గదికి లేనే లేదు. వేణ్నీళ్లు ఎనిమిదింటికల్లా బంద్. నేను కిందికి వెళ్లి గట్టిగా అడుగుదామని బయల్దేరితే పెద్దమ్మ, "టిఫిను బాగానే పెడుతున్నార్లేవే, కిటికీ చూడ్డానికొచ్చామా?" అని ఆపేసింది. అలా సర్దుకుపోయేవాళ్లు ఉన్నంతకాలం ఆ కిటికీ ఫోటో అక్కడే ఉంటుంది.

గోల్కొండకి మాత్రం తెరిచే వేళకే వెళ్లాలి. ఎండెక్కాక పైదాకా మెట్లెక్కడం పెద్దవాళ్లవల్ల కాదు. నాన్న ఆల్బంలో ఇక్కడివి రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో నాన్న కోట ద్వారం ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడుతున్నారు. రెండోదాంట్లో అమ్మ కోటలో అన్నిటికంటే పైనున్న బాలాహిస్సార్ దగ్గర "వినపడింది" అన్నట్టు చెయ్యి ఊపుతోంది. దాదాపు కిలోమీటరు దూరం ఆ చప్పుడు వెళ్తుందన్నదానికి మా ఇంట్లో ఇన్నేళ్లూ అదే సాక్ష్యం. తీరా నెగటివ్‌లు చూస్తే రెండు ఫ్రేములకీ మధ్య ఇంకో ఆరు ఫోటోలున్నాయి. ఉన్నది ఒకటే కెమెరా మరి! నాన్న ఆయాసపడుతూ పైకి వచ్చాక అమ్మచేత మళ్లీ చెయ్యి ఊపించి తీశారన్నమాట. "నిజంగానే వినపడిందండీ, నటించడం రెండోసారి" అంది అమ్మ. ఈసారి కింద మా పాప, పైన అమ్మ, ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. అమ్మకి ఇంకా వినిపిస్తోంది.

కోటలోనే ఉన్న భక్త రామదాసు బందిఖానా ఫోటో అప్పట్లో నల్లగా వచ్చింది. కొడాక్ కేబీ10 కెమెరాలో, వెలుతురు బాగా కావాల్సిన 100 స్పీడు రీలు వేసి, ఆ చీకట్లో గోడమీది బొమ్మలు తీయాలంటే ఆ బుల్లి ఫ్లాష్ ఎక్కడ సరిపోతుంది? భద్రాచలం గుడి కట్టించి తానీషా చెరసాలలో పడ్డ గోపన్న చెక్కుకున్నాడని చెప్పే రాముడు, ఆంజనేయుడి రూపాలు ఇప్పుడు ఫోన్లో స్పష్టంగా వచ్చాయి. నల్ల ఫోటో తీసేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. సరే, రెండూ పక్కపక్కనే అంటించాం.

సాలార్‌జంగ్ మ్యూజియానికి ఒక పూట ఇస్తే చాలదు. నా మాట విని రోజంతా పెట్టుకోండి, శుక్రవారం సెలవన్నది మర్చిపోకండి. ఒకే మనిషి, ఒకప్పటి నిజాం ప్రధాని మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఎక్కువగా పోగేసిన సరుకు ఇదంతా. 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. మేం వెళ్లినప్పుడు కెమెరా గేటు దగ్గరే పెట్టించుకున్నారు, అందుకే పెట్టెలో దీని ఫోటో ఒక్కటీ లేదు. ఇప్పుడు రుసుము కడితే ఫోన్‌తో తీసుకోనిస్తున్నారు. అయితే గంటల గడియారం దగ్గర ఫోటో తీయాలని తాపత్రయపడితే అసలు తమాషా పోతుంది. గంట కొట్టే వేళకి జనమంతా ఎదురుగా కూర్చుంటారు, లోపల్నుంచి ఒక చిన్న గడ్డపు బొమ్మ బయటికొచ్చి లెక్కగా గంట కొట్టి వెళ్లిపోతుంది. పన్నెండింటికైతే కాసేపు ఎక్కువ చూడొచ్చని అందరూ అప్పుడే ఎగబడతారు. పిల్లలకి కనిపించాలంటే పదకొండింటికి వెళ్లడం మేలు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర పెద్దమ్మ చాలాసేపు కదల్లేదు. ఇటలీ శిల్పి బెంజోని పాలరాతిలోంచే ఆ పల్చటి ముసుగు తీశాడంటే నమ్మబుద్ధి కాదు. "ఇది ఏ నేతరా?" అని అడిగింది, మా పెద్దమ్మ పుట్టిల్లు ఉప్పాడ పక్కనే. చక్రాల కుర్చీ అడిగితే ఇచ్చారు, తోసిన కుర్రాడు ఏ గది ముందు చూడాలో కూడా చెప్పాడు. ఈ ప్రయాణం మొత్తంలో అందరికంటే మంచి సేవ అతనిదే.

చార్మినార్ సాయంత్రం చూడండి. 1591 నాటి కట్టడం మీద దీపాలు పడే వేళకి ఎదురుగా నిలబడితే అదే చాలు. లోపల పైకెక్కే మెట్లు ఇరుకు, చీకటి. పెద్దవాళ్లని ఎక్కించకండి, పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇప్పించి కూర్చోబెట్టండి. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడే ఓపిక మాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

బిర్లా మందిరంలో ఇప్పటికీ ఫోన్ లోపలికి రానివ్వరు. ఆ పేజీకి మా పాప కొండమీది గుడి బొమ్మ గీసింది, గోపురం కాస్త వంకర. జూపార్కు సంగతి చెప్పడానికేం లేదు, నడవగలిగితే వెళ్లండి.

హుస్సేన్ సాగర్ బోటుకి మాత్రం నా ఓటు. డబ్బుకి, సమయానికి, పెద్దల కాళ్లకి మూడింటికీ సరిపోయింది అదొక్కటే. లుంబినీ పార్కు నుంచి నీళ్ల మధ్య బుద్ధుడి విగ్రహం దగ్గరికి, మళ్లీ వెనక్కి. పాత ఫోటోలో అమ్మ బోటు కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంటుంది. కారణం ఈసారి తెలిసింది. వందల టన్నుల ఈ విగ్రహం 1990లో తరలిస్తుండగా ఇదే నీళ్లలో మునిగిపోయిందని, 1992లో గానీ తీసి నిలబెట్టలేకపోయారని నాన్న సరిగ్గా బోటు నడిమధ్యకి వచ్చాక చెప్పారట. కొత్త ఫోటోలో బుద్ధుడు అలాగే ఉన్నాడు గానీ ఒడ్డు పూర్తిగా మారిపోయింది. 2023లో తెరిచిన కొత్త సచివాలయం గుమ్మటాలు, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం పాత ఫోటోలో ఎక్కడివి!

రామోజీ ఫిల్మ్ సిటీని ఊరు చూసే రోజుల్లో కలపొద్దు, దానికి విడిగా రండి. రెండున్నర దశాబ్దాల క్రితం ఒక రీలు దాదాపు మొత్తం అక్కడే అయిపోయింది. ఇప్పుడు అంటించడానికి కూర్చుంటే అందరం ఏదో ఒక తోటముందు నిలబడ్డ ఫోటోలే. ఏ తోట, ఏ సెట్టు ఎవరికీ గుర్తులేదు. పిల్లలకి సరదా, కాదనను. ఊరు మాత్రం అందులో లేదు.

ఇక ఫోటోల పని. జిగురు పూసిన ఆల్బం పేజీలు పచ్చబడి ఫోటోలు అంటుకుపోతే గోళ్లతో పీకకండి. పళ్లు శుభ్రం చేసుకునే దారం ఫోటో వెనక దూర్చి రంపంలా మెల్లిగా లాగితే ఊడొచ్చేస్తుంది. నెగటివ్‌లు ఉంటే ప్రింట్లు స్కాన్ చేయించొద్దు, నెగటివ్‌నే చేయించండి. 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) ఒక్కో ఫ్రేము సుమారు 3400 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. 4x6 ప్రింటుకి 1800 చాలు, అంటే దానికి దాదాపు రెట్టింపు సైజు కూడా తీయించుకోవచ్చు. కోఠీ వైపు ఒక ల్యాబులో ఇచ్చిన స్కాన్లలో అందరి మొహాలూ నున్నగా మైనం పూసినట్టు వచ్చాయి. అడిగితే "బ్యూటీ చేశాం మేడం, ఫ్రీగానే" అన్నాడు. ఇంకోచోట ముందే చెప్పాను: రంగు సరిచేయండి, మనుషుల్ని సరిచేయకండి. అక్కడ వారం ఆలస్యమైంది, డబ్బూ ఎక్కువే తీసుకున్నారు, కానీ అమ్మ నుదుటి మీది గాటు మచ్చ ఉన్నచోటే ఉంది.

పేజీలకి జిగురు వాడలేదు. యాసిడ్ లేని మందం కాగితం తీసుకుని, మూలలకి ఫోటో కార్నర్లు పెట్టాం. బేగంబజార్ స్టేషనరీ దుకాణాల్లో దొరికాయి. తేదీల ప్రకారం పెట్టాలని నాన్న, చోట్ల ప్రకారం పెట్టాలని నేను. చివరికి చోట్ల ప్రకారమే పెట్టాం, కాకపోతే ప్రతి ఫోటో కిందా తేదీ నాన్న చేత్తోనే. పెద్దమ్మకి కూడా ఒక కాపీ కావాలిట. జిరాక్సు కాదు, ఫోటో పేపర్ మీద, అదీ సంక్రాంతిలోపు.